ప్లానులో కుడి దిగువ మూల

"మానవజాతి కట్టిన ప్రతి మహా కట్టడమూ నేలమీద నిలబడక ముందు కాగితం మీద నిలబడింది!" అని చీఫ్ గారు ప్రకటించారు.

ఆ ముక్క ప్రకటించినప్పుడు ఆయన నిలబడింది మాత్రం పెరట్లో, టమాటా నారు మీద.

"ఏమండీ, కాలు తియ్యండి. మూడు మొక్కలు పోయాయి," అన్నారు వాళ్ళావిడ, మట్టి చేతులు దులుపుకుంటూ.

చీఫ్ గారు కాలు తీసి వంగ నారు మీద పెట్టారు. గొప్పవాళ్ళ చూపు ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. కాలి కింద ఏముందో చూసుకునే తీరిక వాళ్ళకెక్కడిది?

ఈ ప్రకటన వినడానికి ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆయన్ని ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళపాటు అందరూ అరమిల్లీ అనే పిలిచారు. గీతకీ గీతకీ మధ్య అర మిల్లీమీటరు తేడా వచ్చినా నిద్రపట్టని డ్రాఫ్ట్స్‌మన్. చీఫ్ గారు ప్రధాన ఇంజనీరుగా ఉన్నన్నాళ్ళూ ఆయన గాల్లో చేతులు తిప్పి చూపించినవన్నీ కాగితం మీదకి దించింది ఇతనే. ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. చీఫ్ గారికి పూలదండలతో, ఉపన్యాసాలతో వీడ్కోలు జరిగింది. అదే సభలో అరమిల్లీ కుర్చీలు సర్దించాడు.

ప్రతి ప్లానుకీ కుడి దిగువ మూలలో ఒక గడి ఉంటుంది. ఎవరు రూపకల్పన చేశారు, ఎవరు గీశారు, ఎవరు ఆమోదించారు అని అందులో రాస్తారు. రాసేది గీసినవాడే. తన పేరు తప్ప అందరి పేర్లూ రాస్తాడు. ఎందుకయ్యా అంటే, గీసేవాళ్ళ పేర్లు రాస్తే ప్లాన్లలో ఏకరూపత దెబ్బతింటుందని ఆఫీసులో ఎప్పుడో ఒక ఉత్తర్వు వచ్చింది. రెండు వంతెనలు, నాలుగు నీళ్ళ ట్యాంకులు, ఒక ఆస్పత్రి, ఒక జైలు ఆ చేతిమీదుగానే కాగితం ఎక్కాయి. పేర్లన్నీ చీఫ్ గారివి. జైలు గోడకి బీట పడిన ఏడాది మాత్రం, దీన్ని గీసినవాడెవడని వారం రోజులు ఫైళ్ళు తిరగేశారు. పేరు దొరకలేదు. ఏకరూపత మరి!

ఒకసారి బస్సు ఆ రెండు వంతెనల్లో ఒకదాని మీద వెళ్తుంటే అరమిల్లీ ఉండబట్టలేక, "ఇది నేను గీసిందేనండీ," అన్నాడు పక్క సీటాయనతో. పక్క సీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

"సంగతేమిటంటే తమ్ముడూ," అన్నారు చీఫ్ గారు ఇప్పుడు, భుజం మీద చెయ్యివేసి.

అరమిల్లీకి భయం వేసింది. చీఫ్ గారి నోట 'తమ్ముడూ', 'మీరు' వచ్చాయంటే పని పడిందన్నమాట. పని అయిపోగానే అవి 'ఏమయ్యా', 'నువ్వు'లోకి దిగిపోతాయి.

సంగతేమిటంటే, చీఫ్ గారు గృహోద్యాన సంఘానికి అధ్యక్షులు. 'జ్ఞానం పంచుదాం, మొలకలు పెంచుదాం' అనేది ఆ సంఘం నినాదం. నినాదం ఆయనే రాశారు. నిరుడు సంఘం పోటీలో బహుమతిని కార్యదర్శి అయిన పళ్ళ డాక్టరు ఎగరేసుకుపోయాడు. అప్పటినుంచి చీఫ్ గారికి పన్ను నొప్పెట్టినా పొరుగూరు వెళ్ళి చూపించుకుంటున్నారు. ఈ ఏడు పోటీ, ఉత్తమ హరితగృహ రూపకల్పన, అంటే మొక్కలు పెంచే గాజుగది. అధ్యక్షుడు పోటీ చెయ్యొచ్చా అని మీరడగొచ్చు. చెయ్యకూడదని నియమమేమీ లేదు. నియమాలు రాసింది అధ్యక్షుడే.

డాక్టరు ప్లాను నిరుడు ఎవరో బావమరిది గీసిపెట్టాడని పుకారు. అందుకని చీఫ్ గారు ఈసారి కొత్త నియమం ఒకటి చేర్చారు. ప్లాను మీద రూపకర్త గడిలో ఎవరి పేరుంటే బహుమతి వారిదే. గడిలో పేరు లేని ప్లాను పోటీకి పనికిరాదు. నిజాయితీ అంటే అలా ఉండాలని ఆయన సభలో బల్ల గుద్ది చెప్పారు.

"ముప్పై ఒక్క ఏళ్ళు మీ పేరు పడలేదని నాకు బాధ లేదనుకున్నారా తమ్ముడూ? ఈ ఇల్లు నాది, ఈ పెరడు నాది, ఈ కాగితం నాది. ఉత్తర్వులు లేవు, ఏకరూపత లేదు. యజమాని అన్నచోట నా పేరు. రూపకర్త అన్నచోట మీ పేరు. ఇంటిపేరుతో సహా!"

అరమిల్లీ తలూపాడు.

ఇంటికెళ్ళి ఆ మాట భార్యకి చెప్పాడు. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. జవాబు సరిపోయేదాకా మార్కు వెయ్యని మనిషి.

"పడనివ్వండి. పడ్డాక నన్ను తీసుకెళ్ళి చూపించండి. అప్పుడు నమ్ముతాను," అంది, దిద్దుతున్న కాగితాల్లోంచి తలెత్తకుండా. కాసేపయ్యాక తలెత్తి, "ఇంటిపేరుతో సహానా?" అని అడిగింది.

మర్నాడు అరమిల్లీ టేపు పట్టుకుని పెరట్లోకి దిగాడు. టేపు రెండో కొస పట్టుకున్నది చీఫ్ గారి భార్య. ఆ పెరట్లో మొలిచిన ప్రతిదీ ఆవిడ చేతిదే. చీఫ్ గారు ప్రకృతి ప్రేమికులే గాని, వంగకీ మిరపకీ తేడా కాయ కాస్తే తప్ప చెప్పలేరు.

"మీకేం కావాలమ్మా?" అని అడిగాడు అరమిల్లీ. ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడ ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు.

"నారుమళ్ళు పెట్టుకోడానికి రెండు బల్లలు. నా నడుమెత్తుండాలి. తోపుడుబండి పట్టే తలుపు. పైన గాలి పోడానికి ఒక కిటికీ, నా చెయ్యి అందేలా. నేనెంతా, నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. అంతేనయ్యా."

"సార్‌కేం కావాలి?"

"ఆయన్నే అడుగు. సాయంత్రందాకా చెబుతారు."

సాయంత్రందాకా చెప్పారు. హరితగృహం అంటే మొక్కలు దాచుకునే డబ్బా కాదట, ఒక ప్రకటనట. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. తలుపు ఏడడుగులు, ఎందుకంటే ముఖ్య అతిథులు ఎప్పుడూ నిటారుగా వస్తారు. నడిమధ్యన కప్పు ఎత్తు ఎనిమిదిన్నర. మధ్యలో ఒక కుర్చీ, అందులో చీఫ్ గారు కూచుని ఆలోచిస్తారు. బల్లలు మూడున్నర అడుగుల ఎత్తు, పక్కన నిలబడి ఫొటో దిగితే చెయ్యి ఆనించుకోడానికి వీలుగా.

"మూడున్నరంటే నా గుండెలదాకా వస్తుంది," అన్నారు ఆవిడ గుమ్మంలోంచి.

"ముక్కాలిపీట వేసుకో!" అన్నారు చీఫ్ గారు. సమస్య అక్కడితో తీరిపోయింది.

అరమిల్లీ ఏడు రోజులు గీశాడు. అంగుళానికి రెండడుగుల స్కేలు. పన్నెండడుగుల గాజుగది ట్రేసింగు కాగితం మీద ఆరంగుళాలై కూచుంది. ప్రతి గాజు పలకా, ప్రతి మడతబందూ విడివిడిగా కనిపించేలా ఇంకుతో గీశాడు. చుట్టూ కొలతల అంకెలు వేశాడు. కింద 'ఒక అంగుళం = రెండడుగులు' అని రాసి, పక్కన నలుపూ తెలుపూ గళ్ళతో స్కేలు పట్టీ గీశాడు, కాగితం పెద్దదైనా చిన్నదైనా అదీ దాంతోపాటే మారుతుందని. అన్నీ అయ్యాక కుడి దిగువ మూలకి వచ్చాడు. రూపకర్త అన్న గడిలో తన పేరు రాసుకున్నాడు. రెండంగుళాల గడి. రాసి, ఇంకు ఆరేదాకా అక్కడే కూచున్నాడు. ఆరిన తరవాత కూడా కాసేపు కూచున్నాడు.

చీఫ్ గారు ట్రేసింగుని హాల్లో పెరటివైపు కిటికీ అద్దానికి క్లిప్పులతో తగిలించారు. వెనకనుంచి వెలుగు పడి గీతలు మెరిశాయి.

"బాగుంది. కానీ ఈ అంకెలేమిటయ్యా, చీమలు పట్టినట్టు? ఈ గళ్ళేమిటి, రోడ్డు దాటడానికా? తీసెయ్."

"అంకెలు లేకపోతే కట్టేవాడు కాగితం మీద స్కేలు పెట్టి కొలుచుకోవాలి సార్. కాగితం సైజు మారిందంటే..."

"కాగితం సైజెందుకు మారుతుంది? కాగితమేమన్నా మొక్కా, పెరగడానికి?" అని, చీఫ్ గారు గొంతు తగ్గించారు. "రేపు కమిటీ వాళ్ళొస్తున్నారు. ఆ పళ్ళవాడు నా కొలతలు ఎత్తుకుపోతే?"

జ్ఞానం పంచుదాం అంటే, అవతలివాళ్ళది మనకి పంచాలని అర్థం కాబోలు.

ట్రేసింగు మీద ఇంకు రబ్బరుకి పోదు. కొత్త బ్లేడు సగానికి విరిచి, ఏటవాలుగా పడుకోబెట్టి, పై పొర మాత్రం లేపాలి. ఆ చోటు గోటితో నున్నగా రుద్దితే మళ్ళీ రాసుకోవచ్చు. ఒకే చోట రెండోసారి గీకితే కాగితం ఉల్లిపొరలా అవుతుంది. మూడోసారి గీకకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళలో అరమిల్లీ చేతికింద ఒక్క ట్రేసింగూ చిరగలేదు. అంకెలూ గళ్ళూ అన్నీ నొప్పి తెలియకుండా గీకేశాడు. మూల గడిలో పేరుంది కదా అని ఓర్చుకున్నాడు.

మర్నాడు కమిటీ వచ్చింది. అరమిల్లీని కూడా పిలిచారు, కాగితం గాలికి ఊగకుండా పట్టుకోడానికి. అందరూ కిటికీ దగ్గర గుమిగూడి ఆహా ఓహో అన్నారు. పళ్ళ డాక్టరు కళ్ళజోడు నుదుటిమీదకి తోసి, మూలగడి దగ్గరకి వంగాడు.

"ఈ గీతలు గీసిన చెయ్యి మామూలు చెయ్యి కాదండీ. రూపకర్త..." అని పేరు పైకి చదివాడు. ఇంటిపేరుతో సహా. చదివి, కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, "మీరేనా? ఎన్నాళ్ళు దాచారండీ మిమ్మల్ని!" అన్నాడు.

అరమిల్లీ జన్మలో అంత పొడుగ్గా నిలబడలేదు. చీఫ్ గారి మొహం మాత్రం మాడిపోయింది.

వాళ్ళు గేటు దాటారో లేదో, "ఏమయ్యా, ఒక చిన్న సవరణ," అన్నారు.

సవరణ రెండంగుళాలే. ఆలోచన చీఫ్ గారిది, చెయ్యి మాత్రమే అరమిల్లీది కాబట్టి, రూపకర్త అని ఇంకొకరి పేరుంటే సంఘాన్ని మోసం చేసినట్టవుతుందట. అంతరాత్మ ఒప్పుకోవడం లేదట.

"నీ పేరు కూడా ఉంటుందిలే. 'సహకారం' అన్న గడిలో వేసుకో."

"ఆ గడి లేదండీ."

"లేదా? అయితే వద్దులే."

అరమిల్లీ తన పేరు తనే గీకాడు. ఆ చోట చీఫ్ గారి పేరు రాశాడు. పేరు, డిగ్రీలు, విశ్రాంత ప్రధాన ఇంజనీరు, సంఘాధ్యక్షులు, ప్రకృతి ప్రేమికులు! అన్నీ పట్టించేసరికి అక్షరాలు నువ్వుగింజలంత అయ్యాయి.

ఇంట్లో భార్య బయటికెళ్ళే చెప్పులు తుడిచి సిద్ధంగా పెట్టుకుంది. 

"ఇవాళ వద్దులే," అన్నాడు.

ఆవిడ అతని మొహం చూసి అర్థం చేసుకుంది. "గీకేశారా?"

"నేనే గీకాను."

ఆవిడ చెప్పులు తీసి మళ్ళీ మూలన పెట్టేసింది. తిట్టినా బాగుండేది. ఆ పూటంతా అతనికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీఫ్ గారి మీద కోపం కంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ తరవాత జరిగింది అతనికి తరవాతే తెలిసింది. చీఫ్ గారు ట్రేసింగు చుట్టుకుని స్వయంగా జిరాక్సు షాపుకి వెళ్ళారు. అరమిల్లీని పంపితే దారిలో ఎవరికైనా 'ఇది నేను గీసిందే' అంటాడని అనుమానం.

"ఇంత పెద్ద కాగితం లేదండీ. తగ్గించి తియ్యమంటారా?" అన్నాడట షాపువాడు.

"తగ్గిస్తే అందం తగ్గుతుందా? కానివ్వు!"

ఆరంగుళాల గాజుగది నాలుగుంపావు అంగుళాలయింది. కింద 'ఒక అంగుళం = రెండడుగులు' అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కాపీ వెల్డరు చేతికి వెళ్ళింది. వెల్డరు బుద్ధిమంతుడు. కాగితం మీద అంకెలు లేవు గనక స్కేలు పెట్టి కొలిచాడు, రెండడుగులతో హెచ్చవేశాడు, ఇనుము కోశాడు. ఎక్కడా అరంగుళం తప్పలేదు.

పోటీ రోజు పొద్దున్నే గాజుగది పెరట్లోకి వచ్చి నిలబడింది. పదింటికి న్యాయనిర్ణేత వస్తారు. ఎనిమిదింటికి అరమిల్లీకి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని.

వెళ్ళేసరికి చీఫ్ గారు గాజుగది లోపల ఉన్నారు. ఆరడుగుల మనిషి, నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ కప్పు గాజుకి ఆనించి, మెడ కదపకుండా నిలబడ్డారు. కుర్చీ వేస్తే అటు బల్లకీ ఇటు బల్లకీ మధ్య ఇరుక్కుపోయింది. బయటికి రాబోయి నుదురు తలుపు పట్టీకి ఠంగున కొట్టుకున్నారు.

"ఏమిటయ్యా ఈ కోళ్ళగూడు!" అని అరిచారు.

అరమిల్లీ టేపు తీశాడు. తలుపు అయిదడుగులకి అరంగుళం తక్కువ. వెల్డరు దగ్గరున్న మసిపట్టిన కాపీ అడిగి చూశాడు. ఒక్క చూపుకే సంగతంతా బోధపడింది.

"కాగితం సైజు మారింది సార్," అన్నాడు.

"తలుపు పొట్టిదొస్తోందని ఈయనకి ఫోను కూడా చేశానన్నా," అన్నాడు వెల్డరు. "'ప్లానులో ఉన్నదే కట్టు! ఇంజనీరువి నువ్వా నేనా?' అన్నారు."

చీఫ్ గారు ఆ కాపీ లాక్కున్నారు. దాని మూలలో నువ్వుగింజల అక్షరాల్లో రూపకర్త పేరుంది. ఆయనదే. ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ నాలుగేసి చేసి, ఎరువు గుంటలో పారేసి కాలితో తొక్కారు. తరవాత అరమిల్లీ భుజం మీద చెయ్యివేశారు.

"తమ్ముడూ, మీకు మాటిచ్చాను గుర్తుందా?"

అరమిల్లీకి గుర్తుంది.

"మాట తప్పితే నాకు నిద్రపట్టదు. రాత్రంతా ఆలోచించాను. రూపకర్త మీరే! హాల్లోకి వెళ్ళి ఆ ట్రేసింగు మీద నా పేరు తీసేసి మీ పేరు పెట్టండి. పెద్దక్షరాలతో!"

ఎంత ఔదార్యం! ముప్పై ఒక్క ఏళ్ళు ఆశపడిన గడి, తీరా చేతికొచ్చేసరికి ముద్దాయి బోనులా ఉంది. అయినా అరమిల్లీ వెళ్ళాడు. గీకాడు. కాగితం ఉల్లిపొర అయింది. దాని మీద ఊపిరి బిగబట్టి పేరు రాశాడు. అపరాధిగానైనా సరే, భార్యకి ఒక్కసారి చూపించాలనిపించింది. తన ఆశ చూసి తనకే సిగ్గేసింది.

పదింటికి న్యాయనిర్ణేత వచ్చారు. ఉద్యాన కళాశాల ప్రొఫెసరు, బక్కపల్చటి పొట్టి మనిషి, చేతిలో పుస్తకం. వెనక పళ్ళ డాక్టరు, కమిటీ.

"ముందే మనవి చేస్తున్నాను మేడమ్," అన్నారు చీఫ్ గారు. "ఇదంతా ఇదిగో ఈ డ్రాఫ్ట్స్‌మన్ నిర్వాకం. రిటైరయ్యాడు కదా, ఏదో ఆసరాగా ఉంటుందని పని అప్పజెప్పాను. చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది. జాలిపడ్డందుకు నాకీ శాస్తి!"

అందరూ అరమిల్లీ వైపు చూశారు. అతని చెయ్యి నిజంగానే వణికింది, మొదటిసారి. కోపంతో.

ప్రొఫెసరు గాజుగదిలోకి నడిచారు. వంగలేదు, ఆవిడకి వంగాల్సిన అవసరం లేదు. వెనకే చీఫ్ గారి భార్య నారుమడి ఎత్తుకుని తిన్నగా లోపలికి వెళ్ళారు. కమిటీ పెద్దలు తలుపు దగ్గర ఒకరి తరవాత ఒకరు వంగి, ఒకరి వీపు ఒకరు గుద్దుకుని, చివరికి బయటే ఆగిపోయారు. ప్రొఫెసరు బల్ల మీద చెయ్యి పెట్టి చూశారు. చీఫ్ గారు ఫొటో కోసం లేపించిన బల్ల, కాపీలో కుదించుకుని రెండున్నర అడుగులకి దిగి, సరిగ్గా ఆడమనిషి నడుము దగ్గర ఆగింది. ప్రొఫెసరు పై కిటికీ గొళ్ళెం అందుకుని తెరిచారు, మూశారు.

బయటికొచ్చి అన్నారు: "పాతికేళ్ళుగా గ్రీన్‌హౌసులు చూస్తున్నాను. అన్నీ ఆరడుగుల మగవాళ్ళు గొప్పకి గీసినవే. లోపల పనిచేసే మనిషికి కిటికీ అందదు, బల్ల అందదు. వేడి పైకెక్కి కప్పులో కూచుంటుంది. ఎవరు పనిచేస్తారో వాళ్ళ ఎత్తుకి కట్టింది ఇవాళ మొదటిసారి చూశాను. ఎవరిదండీ ఈ ఆలోచన?"

"నాదే!" అన్నారు చీఫ్ గారు.

ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ప్రకృతి ముందు మనిషి తలవంచి ప్రవేశించాలని నా చిరకాల సిద్ధాంతం మేడమ్!"

"ఇప్పుడే డ్రాఫ్ట్స్‌మన్ నిర్వాకమన్నారు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"నిర్వాకం ఆయనది. దృక్పథం నాది."

"సరే, ప్లాను చూపించండి. గడిలో ఉన్న పేరు రాసుకుంటాను," అన్నారు ప్రొఫెసరు.

చీఫ్ గారు ముందు పెరడు చూపిస్తానన్న నెపంతో ఆవిణ్ణి ఎరువు గుంట వైపు నడిపించారు. అందులో తనే చింపి పారేసిన ముక్కలున్నాయని గుర్తొచ్చి, గబుక్కున మలుపు తిప్పి నీళ్ళ తొట్టి దగ్గరకి తీసుకెళ్ళారు. అటునుంచి వెనక్కి పరుగున వచ్చి అరమిల్లీ చెవిలో బుసకొట్టారు.

"ఏమయ్యా, నీ పేరు తీసెయ్! నా పేరు పెట్టు! అయిదు నిమిషాలు!"

"ఇంకోసారి గీకితే కాగితం ఆగదు సార్."

"గీకమంటే గీకు! ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పింది చేసి ఇవాళ నోరొచ్చిందా?"

"లేదండీ. చెప్పిందే చేస్తాను," అన్నాడు అరమిల్లీ.

హాల్లోకి వెళ్ళి, ట్రేసింగు దింపి, బల్లమీద పరిచాడు. కొత్త బ్లేడు విరిచాడు. తన పేరు ఒకసారి చదువుకున్నాడు. ఇంటిపేరు మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి, ఎప్పటిలాగే పొందికగా, తొందర లేకుండా గీకాడు. నాలుగో అక్షరం దగ్గర బ్లేడు కింద బల్ల తగిలింది. అతను ఆగలేదు. పై ఉత్తర్వు కదా! అక్షరం అక్షరమూ గీకి, గడి అంచులదాకా శుభ్రం చేసి, ట్రేసింగుని మళ్ళీ కిటికీకి తగిలించాడు.

ప్రొఫెసరు, డాక్టరు, చీఫ్ గారు, వెనక వెల్డరు లోపలికి వచ్చారు. ప్రొఫెసరు పెన్ను తెరిచి కుడి దిగువ మూలకి వంగారు.

"ఇక్కడ కన్నం ఉందే!"

చీఫ్ గారి గుడ్లు తేలిపోయాయి. "అది... పురుగు కొట్టినట్టుంది మేడమ్. మొక్కలున్న ఇల్లు కదా."

పళ్ళ డాక్టరు కళ్ళజోడు తోసుకుని దగ్గరగా చూశాడు. "నేను పొద్దస్తమానం కన్నాలు చూసేవాణ్ణి. పురుగు ఇంత నలుచదరంగా తినదండీ." ఆ తరవాత జేబులోంచి నియమావళి తీసి, ప్రతి మాటా చప్పరిస్తూ చదివాడు. "గడిలో పేరు లేని ప్లాను పోటీకి పనికిరాదు. సంతకం, అధ్యక్షులు."

"వెల్డరు దగ్గర ఇంకో కాపీ ఉంటుంది!" అన్నారు చీఫ్ గారు. "అందులో నా పేరుంది! ఏడయ్యా వెల్డరు?"

"ఇక్కడే ఉన్నా సార్. ఉన్న ఒక్క కాపీ పొద్దున మీరే చింపి పెంటలో తొక్కారు కదా."

ప్రొఫెసరు చీఫ్ గారిని ఒకసారి, అరమిల్లీని ఒకసారి చూశారు. పుస్తకం మూయబోయారు. చీఫ్ గారికి ఒళ్ళంతా చెమట పట్టింది. బహుమతి తనకి రాకపోతే పోయింది, పళ్ళవాడికి పోకూడదు! రెండు చేతులతో అరమిల్లీ చెయ్యి పట్టుకున్నారు.

"తమ్ముడూ! రూపకర్త మీరే! అందరి ఎదటా ఒప్పుకుంటున్నాను! మీ పేరే రాయండి! ఇంటిపేరుతో సహా! మీ నాన్నగారి పేరు కూడా రాసుకోండి! ఇప్పుడే!"

అరమిల్లీ జేబులోంచి ఇంకు పెన్ను తీశాడు. మూత తిప్పాడు. కిటికీ దగ్గరికెళ్ళి మూలగడిలోకి వంగాడు. కన్నంలోంచి పెరడు కనిపించింది. గాజుగదిలో చీఫ్ గారి భార్య నిటారుగా నిలబడి, ముక్కాలిపీట అవసరం లేకుండా, బల్లమీద నారుమళ్ళు ఒక్కొక్కటీ సర్దుకుంటున్నారు.

అరమిల్లీ పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"రాద్దును సార్," అన్నాడు వినయంగా. "రాయడానికి అక్కడ కాగితం లేదు."